రెండుసార్లు కలిపిన అరగంట

మేడ మీది గది,
వేసవి చివర

చిరంజీవి తమ్ముడికి,
ఆశీస్సులు.

ముందుగా ఒక వదంతిని సరిదిద్దవలసి ఉంది. జీవితమంతా జాతకాలను ఎగతాళి చేసిన నేను, ఎనభై దాటాక బెదిరిపోయి, రహస్యంగా నా జాతకం వేయించుకున్నానని మన చుట్టాలలో ఒక మాట తిరుగుతున్నదట. అది నీ చెవిన పడే ఉంటుంది. పడితే నువ్వు సంతోషించి కూడా ఉంటావు. ఆ సంతోషాన్ని ఇక్కడితో ఆపు. నేను ఎవరి చేతా ఏ జాతకమూ వేయించుకోలేదు, వేయించుకునే ఉద్దేశమూ లేదు.

జరిగింది ఇది. నీ జాతకాల పుస్తకంలో డాక్టరమ్మ గారి మీద రాసిన అధ్యాయం ప్రూఫులను ప్రెస్సువారు నాకు పంపారు. ఆవిడ జీవితచరిత్ర రాసినదాన్ని నేను కనుక, తారీఖులు సరిచూసి పంపమని కోరారు. ఆవిడ కట్టించిన ఆసుపత్రి వార్షికోత్సవానికి నా పుస్తకం మలిముద్రణను, నీ పుస్తకాన్ని ఒకేసారి తేవాలని వారి ఆలోచన. ఆ కాగితాలు బల్ల మీద పరుచుకుని ఉండగా, కింది వాటాలో ఉండే టైలరమ్మ, కుట్టిన దిండు గలీబులు ఇచ్చిపోవడానికి పైకి వచ్చింది.

"ఏంటమ్మా ఈ గళ్ళు? ఇల్లేమన్నా కట్టిస్తున్నారా?" అంది.

"ఇంటి ప్లాను కాదు. జాతకచక్రం."

"ఎవరిదమ్మా?"

"ఎప్పుడో పోయిన మనిషిది."

"అదేంటి! పోయినవాళ్ళకి జాతకం దేనికి? ఇంకేం జరుగుతుందని?"

ఆ ప్రశ్న నా తమ్ముణ్ణి అడగవలసిందని చెప్పి పంపాను. నా వ్యాకరణమూ, నా వ్యంగ్యమూ మెట్లు దిగేలోపే జారిపోయినట్టున్నాయి. సాయంత్రానికి ఆ చక్రం నాది అయింది. వారం తిరిగేసరికి అందులో నాకేదో గండం కూడా ఉన్నదట.

నేను చూసేవి తారీఖులు, ఊళ్ళు, చదువుల వివరాలు మాత్రమే. గ్రహాల జోలికి పోను. నీ అభిప్రాయాలను దిద్దే పని నీ ఇరవై రెండో ఏటనే మానుకున్నాను.

నీ చూపు మందగించిందని నీ కోడలు ఫోనులో చెప్పింది. నువ్వు చెప్పలేదు. ఫోనులో నాకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం ఊహించుకుని జవాబు చెప్పడం నా స్వభావం కాదు. కనుక ఉత్తరం రాయి, లేదా రాయించు.

అక్క

*

వరండా, పడక్కుర్చీ,
తొలి వానలు

అక్కయ్యకు నమస్కారాలు.

చెప్పేది నేను, రాసేది కోడలు. తప్పులుంటే తనవి, ఒప్పులుంటే నావి.

ఆ మాట నా దాకా వచ్చింది. సంతోషించిన మాటా నిజమే. నీకు చిన్నప్పుడు పెట్టిన పేరుతోనే, "మా హెడ్మాస్టరక్క దారికొచ్చిందిరోయ్" అని వచ్చినవాళ్ళందరికీ టీ ఇప్పించాను. ఇప్పుడా టీ అంతా వెనక్కి అడగాలి.

కళ్ళ సంగతికొస్తే, మధ్యలో పోయింది, అంచులు మిగిలాయి. మనిషి ఎదురుగా నిలబడితే మొహం కనపడదు, చెవులు కనపడతాయి. ఇప్పుడు అందర్నీ చెవుల్ని బట్టే గుర్తుపడుతున్నాను. మన వంశంలో ఇంత పెద్ద చెవులున్నాయని ఇన్నాళ్ళూ తెలియలేదు.

(పెద్దమ్మగారూ, ఇది రాసే నేను చెబుతున్నాను, చెవుల సంగతి ఉత్తదే. నా చెప్పుల చప్పుడు వినగానే "ఏమ్మా" అంటారు. చెప్పులు విప్పేసి వస్తే "ఎవరూ?" అంటారు.)

అక్కా, నువ్వు ఆ అధ్యాయం చూస్తున్నావంటే నాకు భయం, ధైర్యం రెండూ కలుగుతున్నాయి. పుస్తకంలో ఇంకా చాలా జాతకాలున్నాయి. అవన్నీ గోడలు. డాక్టరమ్మ గారిది పునాది. ఎందుకో చెబుతాను, విసుక్కోకుండా విను.

పేరు పడ్డవాళ్ళ పుట్టిన వేళ ఎప్పుడూ సరిగ్గా దొరకదు. దొరికిందన్నా నమ్మలేం. ముందు మనిషి గొప్పవాడవుతాడు, తరవాత ఆ గొప్పతనానికి తగ్గ వేళ పుడుతుంది. మా జ్యోతిష్కులే దాన్ని తలో పక్కకీ లాగుతారు. కానీ డాక్టరమ్మ గారి వేళ ఇచ్చింది నువ్వు. ఆవిడ పిన్ని నోటివెంట స్వయంగా విన్నదానివి. పైగా దీన్ని నయాపైసంత కూడా నమ్మనిదానివి. నమ్మని మనిషి ఇచ్చిన వేళ కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

ఆ చక్రం గోడకి తగిలించి ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. ఎటు నుంచి చూసినా సరిపోయింది. చదువు, ఒంటరితనం, రెండు సార్లు మెట్ల మీద పడటం, ఆసుపత్రి, ఆఖరికి ఆవిణ్ణి తీసుకుపోయిన జ్వరం. నీకు చెప్పకూడదు గానీ, నాకూ అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. హెడ్మాస్టరక్క చెప్పిందే నిజమేమో, బంగారంలాంటి లెక్కల ఉద్యోగం వదిలేసి గాలికి మేడలు కట్టానేమో అని. అలాంటప్పుడల్లా వెళ్ళి ఆ చక్రం ముందు కూర్చునేవాణ్ణి. అది నా వెన్నెముక అనుకో. మిగతా ఒళ్ళంతా దాన్ని పట్టుకునే నిలబడింది.

త్వరగా చూసి పంపు.

తమ్ముడు

*

మేడ మీది గది

చిరంజీవి తమ్ముడికి,

తారీఖులన్నీ సరిగానే ఉన్నాయి. ఒక్కటి తప్ప. రెండవ పుటలో జన్మసమయం ఉదయం ఏడు గంటలు అని ఉన్నది. ముప్ఫై ఏళ్ళ కిందట నువ్వు కార్డు రాసి అడిగినప్పుడు నేను ఇచ్చినది ఆరున్నర. ఇది అచ్చుతప్పా, లేక మరెక్కడి నుంచైనా తెచ్చినదా? వెంటనే తెలియజేయి.

అక్క

*

వరండా, పడక్కుర్చీ

అక్కయ్యకు,

అచ్చుతప్పు కాదు. మరెక్కడి నుంచీ తేలేదు. నువ్విచ్చింది ఆరున్నరే. అరగంట నేను కలిపాను.

ఎందుకు కలిపానని అడుగుతున్నావా? మన వీధిలో పుట్టి పెరిగి ఆ మాట నువ్వే అడిగితే ఎలా? ఆ చుట్టుపక్కల టైమంటే మిల్లు కూతే కదా. మిల్లు గడియారమేమో పాతకాలం నాటిది, సూర్యుణ్ణి చూసి తిప్పేది. రైలు గడియారం కంటే అరగంట వెనక. ఊరంతా కొత్త టైముకి మారినా ఆ మిల్లు ముసలాయన మారలేదు. "నా మిల్లులో సూర్యుడు నేను చెప్పినప్పుడే లేస్తాడు" అనేవాడట. ఆ కూత నమ్ముకుని బయలుదేరి నాన్న రెండు సార్లు రైలు అందుకోలేకపోయాడు. రెండోసారి పెట్టె నెత్తిన పెట్టుకుని తిరిగొస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, అప్పుడే వెళ్ళి వచ్చేశారా? భలే వేగంగా నడుస్తున్నాయే రైళ్ళు" అంది. మరిచిపోయావా?

డాక్టరమ్మ గారి ఇల్లు మిల్లుకి ఎదురు సందు. వాళ్ళింట్లో వేళ ఆరున్నర అంటే అది మిల్లు ఆరున్నర. రైలు గడియారం ప్రకారం ఏడు. బయటివాడెవడైనా అయితే ఆరున్నరకే చక్రం వేసి చేతులు దులుపుకునేవాడు. మనం ఆ వీధివాళ్ళం కాబట్టి తెలిసింది. ఇదే నా పనిలో నాకు గర్వం, అక్కా. ఊరికే అంకె తీసుకోను. ఆ అంకె ఏ గోడ మీది గడియారం చెప్పిందో కనుక్కుంటాను.

ఇంకేమన్నా ఉంటే అడుగు.

తమ్ముడు

*

మేడ మీది గది,
ముసురు

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. నేను చెప్పబోయేది సూటిగా చెబుతాను.

డాక్టరమ్మ గారి పిన్నిగారిని నేను కలిసిన నాటికి ఆవిడకు తొంభై ఏళ్ళు. కిటికీ పక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, నా చేతిలోని కలాన్ని అనుమానంగా చూస్తూ మాట్లాడింది.

"ఎన్ని గంటలకు పుట్టారమ్మా ఆవిడ?" అని అడిగాను.

"గంటలు ఎవరు చూశారే పిల్లా! మిల్లు తొలి కూత కూసింది, ఇది కేరుమంది. ఏ కూత ఏదో తెలియలేదు కాసేపు. బయటేమో మగాళ్ళంతా పనికి పోతున్నారు, లోపల ఇది పనిలోకొచ్చింది. ఇక జన్మంతా సెలవు పెట్టలేదు."

తొలి కూత అంటే మిల్లు గడియారంలో ఆరు. నేను కూడా ఆ వీధిలోనే పెరిగాను, తమ్ముడూ. ఆ గడియారం అరగంట వెనుకబడి ఉండేదని నాకూ తెలుసు. అందుకే ఆరుకు అరగంట కలిపి, నేటి గడియారం ప్రకారం ఆరున్నర అని నీకు రాశాను. నువ్వు మళ్ళీ అరగంట కలిపావు.

నేను ఇచ్చిన అంకె సరైనది. నువ్వు చేసిన సవరణ కూడా, విడిగా చూస్తే, సరైనదే. ఇద్దరిలో ఒకరు అజాగ్రత్తగా ఉండి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

ఆ రోజులు నీకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. నువ్వు లెక్కల మాస్టరు పని వదిలి ఈ వృత్తిలోకి వెళ్ళాక, నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఎవరైనా నీ గురించి అడిగితే "ఖగోళగణితంలో కృషి చేస్తున్నాడు" అని చెప్పి మాట మార్చేదాన్ని. నీ వృత్తి గురించి నీతో ఒక్క మాట కూడా మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నట్టే ఉండేదాన్ని. నీ కార్డు వచ్చినప్పుడు, డాక్టరమ్మ గారి చరిత్రకు సంబంధించిన ప్రశ్న కనుక మాత్రమే జవాబు ఇచ్చాను. "ఉదయం ఆరున్నర. అక్క." అంతే రాశాను. అరగంట కలిపిన సంగతి రాయడానికి ఆ కార్డులో చోటు లేక కాదు. ముప్పాతిక కార్డు ఖాళీగానే వచ్చింది నీకు. నువ్వు కూడా తిరిగి అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందో నీకు తెలుసు కనుక అడిగి ఉండవు.

అది అలా జరిగిపోయింది. ఇప్పుడు చేయవలసినది చిన్న సవరణ. ఏడు కొట్టివేసి ఆరున్నర అని వేయించు. చక్రం అవసరమైతే మళ్ళీ వేసుకో. మిగతా అధ్యాయంలో నేను మార్చవలసినది ఏదీ లేదు.

అక్క

*

వరండా

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకుని చదువుకో. కోడలికి చెప్పలేదు.

చిన్న సవరణ కాదక్కా. పుట్టిన క్షణాన తూర్పున ఏ రాశి లేస్తోందో అదే లగ్నం. అదే మొదటి గది. ఆరున్నరకీ ఏడుకీ మధ్యలో ఆ రాశి మారిపోతోంది. మొదటి గది జరిగితే పన్నెండూ జరుగుతాయి. ఒక్క గ్రహం కూడా నేను చెప్పిన గదిలో లేదు.

నిన్న కుర్చీలో కూర్చుని మనసులోనే వేసి చూశాను. ఆరున్నరకి పుట్టిన మనిషి డాక్టరమ్మ గారు కాదు. ఆవిడెవరో ఇంటి నిండా పిల్లలున్న తల్లి. తీపంటే ఇష్టం. నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. గడప దాటి ఎరగదు. నిండు నూరేళ్ళు హాయిగా బతికి, నిద్రలో పోయింది. మంచి మనిషే పాపం. ఎవరో నాకు తెలియదు.

వేళ తప్పయినందుకు కాదక్కా నా బాధ. వేళ దిద్దుకోవచ్చు. తప్పు చక్రం అంత బాగా ఎలా సరిపోయింది? ముప్ఫై ఏళ్ళు, ఎంతమందికి, వేలు పెట్టి చూపించాను. ఇదిగో చూడండి, ఇదిగో చూడండి అని. అక్కడ లేనిదాన్ని చూపించానా? మరి నేను చూసిందేమిటి?

గెలిచావు నువ్వు.

*

మేడ మీది గది,
వానలు వెనకబట్టాక

చిరంజీవి తమ్ముడికి,
ఆశీస్సులు.

జవాబు ఆలస్యం చేశాను. ఏం రాయాలో తోచక కాదు. తోచినవన్నీ రాసి చించివేయవలసి వచ్చింది.

మొదట ఒక సాక్ష్యం సంగతి. పిన్నిగారి మాటను నేను మరీ గట్టిగా పట్టుకున్నానేమో అనిపిస్తున్నది. ఆవిడకు అప్పటికి తొంభై ఏళ్ళు. మిల్లులో తొలి కూత తరవాత అరగంటకు మరొక కూత ఉండేది కదా, ఆలస్యంగా వచ్చేవారి కోసం. ప్రసవమైన ఇంట్లో, ఆ గందరగోళంలో, రెండవ కూతను తొలి కూత అనుకోవడానికి ఎంతో అవకాశం ఉన్నది. అలా అయితే పుట్టినది మిల్లు గడియారంలో ఆరున్నర, మన గడియారంలో ఏడు. నీ చక్రమే నిజమవుతుంది. నువ్వు తొందరపడి ఏమీ తీసివేయవద్దు.

రెండవది. గెలిచానని రాశావు. నీకు ఇరవై రెండేళ్ళప్పుడు మన వంటింటి గుమ్మంలో జరిగిన వాదన నాకు మాట మాటా జ్ఞాపకం ఉన్నది. "లెక్క లెక్కే కదక్కా, దేని కోసం వేస్తే ఏంటి?" అన్నావు నువ్వు. "కొలబద్ద పట్టుకుని మబ్బులు కొలుస్తానంటే తప్పు బద్దదా, నీ బుద్ధిదా?" అన్నాను నేను. అమ్మ మధ్యలో వచ్చి, "ఇద్దరూ తప్పుకోండి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అంది. పాలు పొంగిపోయాయి. నువ్వు వెళ్ళిపోయావు.

ఆ వాదన గెలవాలని నేను ఎన్నేళ్ళు కోరుకున్నానో నీకు తెలుసు. బస్సులో, క్లాసులో, నిద్రపట్టని వేళల్లో, నీకు చెప్పవలసిన జవాబులు తయారు చేసుకున్నాను. నాకు ఒక్కసారి కూడా తోచనిది ఏమిటంటే, నేను గెలిచే రోజున ఓడిపోయినవాడు నువ్వై ఉంటావని. ఇప్పుడు ఆ గెలుపు నా ఇంటికి వచ్చి కూర్చున్నది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

లెక్కలలో నీకు ఓనమాలు దిద్దించినదాన్ని నేను. మేడమెట్ల మీద సుద్దముక్కతో మెట్టుకొక లెక్క వేసేవాడివి. పై మెట్టుకు చేరేసరికి సుద్ద అయిపోతే మిగతాది నోటితో చెప్పేవాడివి. ఇవాళ కళ్ళు లేకుండా, మనసులో, అంత చక్రమూ తప్పు లేకుండా వేశావు. ఆ మాట చెప్పాలనిపించింది.

రెండవ కూత సంగతి ఆలోచించు.

అక్క

*

వరండా, పడక్కుర్చీ,
చలి మొదలు

అక్కయ్యకు నమస్కారాలు.

మళ్ళీ కోడలి చేతే రాయిస్తున్నాను. దాచడానికి ఇంకేం మిగలలేదు.

రెండో కూత సంగతి ఆలోచించాను. అట్టే ఆలోచించనక్కరలేకపోయింది. ఆ రెండో కూత పెట్టింది మిల్లులో సమ్మె జరిగాక. అప్పటికి నాకు నాలుగేళ్ళు. డాక్టరమ్మ గారప్పటికే ఆసుపత్రి నడుపుతున్నారు. ఆ సమ్మెలో దెబ్బలు తిన్నవాళ్ళకి కట్లు కట్టింది ఆవిడే. ఇదంతా నాకెలా తెలుసంటావా? నీ పుస్తకంలో నాలుగో అధ్యాయం. నాకు కంఠతా వచ్చు.

అబద్ధం చెప్పడం నీకు చేతకాదక్కా. అలవాటు లేని పని. అయినా నాకోసం ప్రయత్నం చేశావు చూడు, అది మాత్రం మరిచిపోను.

ప్రెస్సుకి చెప్పేశాను, నా పుస్తకం ఆపెయ్యమని. ఒక్క అధ్యాయం తీసేస్తే చాలు కదండీ అన్నాడు మేనేజరు. మా ఇంట్లో వెన్నెముక లేకుండా ఎవరూ నిలబడరయ్యా అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను.

మొన్న ఒక జంట పసిపిల్లని తీసుకుని వచ్చారు. పుట్టిన వేళ సెకన్లతో సహా రాసుకొచ్చారు, ఆసుపత్రి గడియారం చూసి. అలాంటి వేళ కోసం జీవితమంతా వెతుక్కున్నాను. తీరా చేతికొస్తే ఆ కాగితం మడిచి వాళ్ళకే ఇచ్చేశాను. పిల్ల చెయ్యి పట్టుకుంటే నా వేలు గట్టిగా పట్టుకుంది. "పట్టు బాగుంది. వేళకి పాలు పట్టండి" అని చెప్పి పంపేశాను. వాళ్ళు బయటికెళ్ళి "ఈయన పనైపోయినట్టుంది" అనుకోవడం వినపడింది. చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

నువ్వు బెంగపెట్టుకోకు. నిజం చెప్పావు. చెప్పాల్సిందే.

తమ్ముడు

(పెద్దమ్మగారూ, ఇది రాస్తుంటేనే నాకు అసలు సంగతి తెలిసింది. మామయ్యగారు మీ పోయిన రెండు ఉత్తరాలనీ భూతద్దం పెట్టుకుని, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ చదివారు. నేను చదువుతానంటే ఇవ్వలేదు. గోడ మీది చక్రం తీసేయించారు. పాఠానికి వచ్చేవాళ్ళని రావద్దన్నారు. పొద్దుటి నుంచి ఆ ఖాళీ గోడ వైపే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. మీరేదైనా చెప్పండి. మీ మాటయితే వింటారు. "ఎప్పుడు విన్నానట?" అంటున్నారు పక్క నుంచి. అదీ రాయమన్నారు.)

*

మేడ మీది గది,
చలికాలం

చిరంజీవి తమ్ముడికి,
ఆశీస్సులు.

నీ అధ్యాయాన్ని నిన్న మొదటిసారి చదివాను. ఇంతకు ముందు చదవలేదు. తారీఖులు సరిచూసేటప్పుడు, మిగతా పంక్తులు కంటపడకుండా స్కేలు అడ్డం పెట్టుకున్నాను. అంత పట్టుదల నాది.

డాక్టరమ్మ గారు ఇల్లు వదిలి, ఆసుపత్రిలో వార్డు పక్కనున్న ఇరుకు గదిలోకి ఎందుకు మారిందో నువ్వు రాశావు. ఖాళీ ఇంటి నిశ్శబ్దానికి తట్టుకోలేక అన్నావు. అవతల ఎవరో మూలుగుతూ ఉంటేనే ఆవిడకు నిద్రపట్టేదని రాశావు. నా పుస్తకంలో అదే విషయానికి "రోగులకు సదా అందుబాటులో ఉండవలెనని" అని ఉన్నది. ఆవిడ వెంట ఏడేళ్ళు తిరిగినదాన్ని నేను. నువ్వు ఆవిణ్ణి దగ్గరగా చూసినది ఒక్కసారి, చెయ్యి విరిగినప్పుడు. కాని ఆవిడ గది తలుపు ఎప్పుడూ వార్డు వైపు ఓరగా తీసి ఉండేది. నేను దాన్ని రోజూ చూశాను. చూసి, గాలి కోసమనుకున్నాను.

మరొక చోట ఇలా రాశావు: "ఒకనాడు తానే ఎవరినైనా సాయం అడగవలసి వస్తుందేమోనన్న భయంతో ఈమె అందరికీ ముందుగానే సాయం చేసి పెట్టుకున్నది. ఎవరినీ గుమ్మం దాటి రానివ్వదు. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయిన అడుగుల చప్పుడు మాత్రం వింటూ కూర్చుంటుంది." దీనికి ఏదో గ్రహం ఏదో గదిలో ఉండటం కారణమని కింద చెప్పావు.

మొదటి వాక్యం డాక్టరమ్మ గారిదే. తరవాతవి ఆవిడవి కావు. ఆవిడ గుమ్మంలో ఎవరూ ఆగేవారు కాదు, నేరుగా లోపలికి నడిచేవారు. ఆ వాక్యాలు రాసేటప్పుడు నీ కళ్ళ ముందు ఎవరు ఉన్నారో నేను అడగను. నువ్వూ చెప్పవద్దు. చదివాక లేచి వెళ్ళి నా గది తలుపు గడియ తీశాను.

తప్పు చక్రం ఎలా సరిపోయిందని అడిగావు. నాకు తెలిసినంతలో, ముప్ఫై ఏళ్ళు నువ్వు చూస్తూ వచ్చింది మనిషిని. గళ్ళు పక్కకు జరిగినా ఆ మనిషి జరగలేదు. ఈ జవాబు నీకు ఓదార్పు కాదని నాకు తెలుసు. నువ్వు నీ శాస్త్రం గురించి అడిగావు, నేను నీ గురించి చెబుతున్నాను. నీ శాస్త్రం మీద నా అభిప్రాయం మారలేదు. మారిందని రాయగలిగితే ఈపాటికి రాసి ఉండేదాన్ని. ఒకసారి ప్రయత్నించి నీకు దొరికిపోయాను.

నీ మీద నా అభిప్రాయం మారవలసి ఉన్నది. అది ముప్ఫై ఏళ్ళ కిందటే మారవలసింది. అప్పట్లో ఇందులోని మాటలు నాకు చెప్పడానికి నీకు ధైర్యం లేకుండా చేసినది ఎవరో నాకు తెలుసు.

నిన్న సాయంత్రం ప్రెస్సుకు వెళ్ళాను. మేనేజరు లేచి కుర్చీ చూపించాడు.

"మీ పుస్తకం రెడీ అయిపోయింది మేడం. కవరు చూస్తారా?"

"చూడను. అచ్చు ఆపండి."

"మీది కూడానా? ఏంటి మేడం, అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నా మీద పగబట్టారా? కవర్లు అన్నీ అచ్చయిపోయాయి. వాటినేం చేసుకోను?"

"నాకు పంపండి. అలమారలో అరలకు పరుచుకుంటాను."

నా పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నాను. ఈ ముద్రణ మాత్రమే కాదు, ఇకముందు కూడా అది రాదు. అందులో తప్పులు ఉన్నాయని కాదు. ఒక్కటి కూడా లేదు. తారీఖులన్నీ సరైనవే. అంతకు మించి ఆ పుస్తకంలో ఏమీ లేదని నిన్న తెలిసింది. దాని స్థానంలో నీ అధ్యాయాన్ని విడి పుస్తకంగా వేయమని ఇచ్చి వచ్చాను. మొదటి పుటలో జన్మవివరాలు నేను రాశాను: ఎవరు చెప్పారు, ఏ కూత, ఆ గడియారం ఎంత వెనుక, అరగంట ఒక్కసారే కలిపితే ఆరున్నర. దాని కింద ఆరున్నరకు నువ్వు వేసి పంపే చక్రం ఉంటుంది, ఏ వ్యాఖ్యా లేకుండా. నమ్మేవారు, నమ్మనివారు, ఎవరికి కావలసినది వారు చేసుకుంటారు. నీ వాక్యాలలో నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. గ్రహాల పేర్లు ఉంచుతావో, తీసివేస్తావో అది నీ ఇష్టం. నువ్వు సరే అనేదాకా వారు అచ్చు మొదలుపెట్టరు. నువ్వు వద్దంటే అదీ ఆగుతుంది. అప్పుడు వార్షికోత్సవంనాడు డాక్టరమ్మ గారి గురించి చదువుకోవడానికి ఈ ఊళ్ళో ఎవరికీ ఏమీ ఉండదు.

నా పుస్తకం సంగతిలో మాత్రం నీ సమ్మతి అడగలేదు. అడిగితే ఏమంటావో తెలుసు కనుకనే, సంతకం చేసి ఇంటికి వచ్చాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్క